తాత టేపుకి గంధం బొట్టు

ఆ రోజుల్లో అమలాపురంలో మా స్టూడియోలో ఎవరెవరు, ఏమేమి ఉండేవో ముందే చెప్పేస్తే తరవాత గందరగోళం ఉండదు. యజమాని బాబాయ్ గారు (నాకు చుట్టం కాదు, ఆ వీధిలో అందరికీ బాబాయ్ గారే). ఆయన భార్య పిన్నిగారు. నేను. పెళ్ళి వీడియోలతో కిక్కిరిసిన డిస్కుల పెట్టె ఒకటి, కంప్యూటర్లు రెండు, గాలి వచ్చే ఫ్యాను ఒకటి, చప్పుడు మాత్రమే వచ్చే ఫ్యాను ఒకటి, హైదరాబాదులో మూతపడిన ఏదో టీవీ వాళ్ళ దగ్గర బాబాయ్ గారు పాతసామాను ధరకి పట్టుకొచ్చిన టేపు డ్రైవు ఒకటి, దాంతో వచ్చిన టేపులు ఏడు. నాకు ఇంజనీరింగు అయిపోయి నెల కూడా కాలేదు. చదివిందంతా ఎవరిమీదైనా ప్రయోగించకపోతే అన్నం సయించని వయసు. దొరికింది వాళ్ళిద్దరు.

టేపంటే మరేం కాదు, పాటల క్యాసెట్టుకి పెద్దన్నయ్య. అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా, లోపల ఒకటే చక్రం, దాని చుట్టూ కిలోమీటరుకి కాస్త తక్కువ పొడుగున్న రిబ్బను. డిస్కు ఎప్పుడు చస్తుందో చెప్పలేం గనక, వచ్చిన ప్రతి పెళ్ళినీ టేపు మీదకి కూడా ఎక్కించి పెట్టాలన్నది నా సిద్ధాంతం. ఉన్నవి ఏడే గనక వాటినే తిప్పి తిప్పి వాడుకోవాలి. ఈ పద్ధతికి పుస్తకాల్లో ఉన్న పేరే తాత, తండ్రి, కొడుకు. కొడుకు టేపులు నాలుగు, వారానికొకటి, ఆ వారం పెళ్ళిళ్ళకి. తండ్రులు ఇద్దరు, నెలకొకరు, ఆ నెల పెళ్ళిళ్ళకి. తాత ఒక్కడే. ఆరు నెలల పెళ్ళిళ్ళన్నీ ఆయన మీద దసరాకి ఒకసారి, మళ్ళీ అవి చెరిపి ఉగాదికి ఒకసారి. ఆరు నెలల్లో ఎవరి పెళ్ళి వాళ్ళు తీసుకెళ్ళిపోరా అని నా లెక్క. ఇదంతా గోడమీద పటం గీసి గంటసేపు వివరించాను. బాబాయ్ గారు ప్రతి వాక్యానికీ "ఆయ్" అన్నారు. పిన్నిగారు మాత్రం చివరిదాకా విని, "మరి బామ్మగారు లేరాండీ?" అనడిగారు. లేరన్నాను. "అయితే ఆ సంసారం నిలబడినట్టే లెండి" అని కాఫీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయారు.

దసరా వచ్చింది. ముందురోజు ఆరు నెలల పెళ్ళిళ్ళూ తాత మీదకి ఎక్కించి బల్లమీద పెట్టాను. మర్నాడు ఆయుధపూజ. నేను వచ్చేసరికి కెమెరాలకీ, లైట్లకీ, చప్పుడు ఫ్యానుకీ కూడా పసుపు, గంధం, కుంకుమ బొట్లు. పిన్నిగారు గంధం గిన్నెతో టేపుల వరసలోకి దిగారు. "అయ్యయ్యో, ఆగండి పిన్నిగారూ!" అంటూ పరిగెత్తాను. అప్పటికే ఒకరికి అయిపోయింది. "పెద్దాయన కదాండీ, ముందు తాతగారికి పెట్టేను" అన్నారు. మిగిలిన ఆరింటికీ డబ్బాల మీద తలో చేమంతి పువ్వు పెట్టుకోడానికి రాజీ కుదిరింది. తాతకున్న బొట్టుని తుడవబోతే పండగపూట తుడవకూడదన్నారు, మర్నాడు నేను మరిచిపోయాను.

ఉగాదికి తాతని డ్రైవులో పెట్టి కొత్త పెళ్ళిళ్ళు ఎక్కించబోతే డ్రైవు మొరాయించింది. దీని మీద రాయడానికి వీల్లేదంది. తీసి చూద్దును కదా, టేపు అంచున ఎర్రటి మీట ఒకటి ఉంటుంది. ఒక పక్కకి జరిపితే టేపు మీద రాయొచ్చు, రెండో పక్కకి జరిపితే చదవడమే తప్ప రాయనివ్వదు. పిన్నిగారి వేలు సరిగ్గా ఆ మీటని రెండో పక్కకి తోసేసింది, పైన పెట్టిన గంధం ఎండి సిమెంటులా బిగిసిపోయింది. "ముఖం ఎటుందో తెలియలేదండీ, ఎర్రగా కనిపిస్తే నుదురనుకున్నాను" అన్నారావిడ. గోరుతో లాగాను, కదల్లేదు. గట్టిగా గీకితే పొడి లోపలికి పోయి డ్రైవే చెడుతుందని భయం. కొత్త టేపు తెప్పించి, పాత తాతని చెత్తబుట్టలో వేశాను.

"పసుపు కుంకుమలు పెట్టినదాన్ని చెత్తలో వేస్తారాండీ ఇంజనీరుగారూ!" అని పిన్నిగారు బయటికి తీశారు. పూజ చేసిన వస్తువు పారే నీళ్ళలోనే కలవాలట. ఎండిన పూలూ, చిరిగిన దేవుడి క్యాలెండర్లూ ఉన్న సంచిలో తాతని వేసి పెరట్లో మేకుకి తగిలించారు. అంతలో వేసవికని కాలవలకి నీళ్ళు కట్టేశారు. నీళ్ళొదిలేదాకా తాత ఆ మేకు మీదే ఉన్నాడు.

రోహిణీ కార్తె చివర్లో, కాలవకి నీళ్ళొదలడానికి రెండ్రోజుల ముందు, ఒక పిడుగుకి మా వీధి ట్రాన్స్‌ఫార్మరుతో పాటు మా డిస్కుల పెట్టె కూడా పేలింది. (టేపు డ్రైవుకీ, కంప్యూటర్లకీ పని లేనప్పుడు ప్లగ్గు తీసేస్తాను. బతికాయి.) రెండ్రోజులకి కరెంటు వచ్చాక, కొడుకుల మీదున్నవీ, తండ్రుల మీదున్నవీ, కొత్త తాత మీదున్నవీ అన్నీ సరిపోయాయని లెక్క చూసుకుని, నా పటం ముందు నిలబడి నన్ను నేను మెచ్చుకుంటూ ఉండగా మస్కట్ అన్నయ్య వచ్చాడు.

మస్కట్ అన్నయ్యది మా పక్కనున్న ఐనవిల్లి, ఉద్యోగం మస్కట్‌లో. కిందటి శ్రావణంలో చెల్లెలి పెళ్ళికి అక్కడివాళ్ళు సెలవివ్వలేదు. పెళ్ళి ఫోన్లోనే చూశాడు, అదీ లాజహోమం దాకా. పెళ్ళికూతురి దోసిట్లో అన్నగారు పేలాలు పొయ్యాలి కదా, సరిగ్గా అక్కడికొచ్చేసరికి సిగ్నలు పోయింది. "నా బదులు ఎవరు పోసేరే?" అని చెల్లెల్ని ఎన్నిసార్లడిగినా, "వచ్చి నీ కళ్ళతో చూసుకో" అని ఏడిపించేదట. అన్నయ్య వచ్చాకే అందరం కలిసి చూస్తామని వాళ్ళు వీడియో తీసుకెళ్ళలేదు. ఇప్పటికి సెలవు దొరికి వచ్చాడు, అదీ అయిపోవచ్చింది. "సాయంత్రం బస్సండీ తమ్ముడుగారూ. ఆ పేలాల ముక్క ఒక్కటీ చూపించేయండి, చాలు" అన్నాడు.

శ్రావణం పెళ్ళి. కొడుకు టేపు మీద ఎప్పుడో చెరిగిపోయింది. తండ్రి మీద కూడా. కొత్త తాత మీదున్నవి దసరా తరవాతవి. డిస్కు పేలిపోయింది. "పిన్నిగారూ, ఆ లాజహోమంలో పేలాలు ఎవరు పోశారో బాబాయ్ గారికేమైనా గుర్తుందా? తీసింది ఆయనే కదా" అన్నాను. "కెమెరాలోంచి అన్ని పెళ్ళిళ్ళూ ఒకలాగే ఉంటాయంటారండీ ఆయన." అప్పుడు వెలిగింది నాకు. "తాత! పాత తాత ఎక్కడ పిన్నిగారూ?" "ఈ పొద్దుటే కాలవకి నీళ్ళొచ్చేయి కదండీ. బాబాయ్ గారు సంచి పట్టుకుని ఇప్పుడే వెళ్ళేరు."

మస్కట్ అన్నయ్య బండి, వెనకాల నేను. దారిలో విషయం చెబుతుంటే ఆయన బండిని కాలవ మీదున్న ఎర్రవంతెన పైకి విమానం లేపినట్టు ఎక్కించాడు. కిందికి చూస్తే రేవు మెట్లమీద బాబాయ్ గారు. పూలు అయిపోయాయి, క్యాలెండర్లు అయిపోయాయి. రెండు చేతుల్తో టేపుని కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తుతున్నారు.

"బాబాయ్ గారూ! తాతగారిని నీళ్ళలో వదిలెయ్యకండీ!" అని అరిచాను.

ఆయనకి వినబడిందో లేదో గాని, రేవులో బట్టలుతుకుతున్న ఇద్దరికి వినబడింది. ఇద్దరూ ధభీమని కాలవలో దూకేశారు. "ఏ వైపు కొట్టుకెళ్ళేరండీ?" "కనబడ్డం లేదండీ!" "పంచె కట్టేరా, లుంగీయాండీ?" ఆ గోలకి బాబాయ్ గారు కళ్ళు తెరిచి, టేపు గుండెకి హత్తుకుని, "అయ్యో, ఎవరండీ పడిపోయేరు?" అని ఆయన కూడా మోకాళ్ళదాకా దిగిపోయారు. నేను మెట్లమీంచి జారుకుంటూ వెళ్ళి ముందు టేపు లాక్కున్నాను. తలల నిండా బురదతో పైకి తేలిన ఇద్దరూ, "తాతగారు ఏరండీ?" అన్నారు. చేతిలోది చూపించాను. "ఆయ్" అన్నాడొకాయన, బొట్టు చూసి చేతులు జోడిస్తూ.

తాత తడవలేదు. బొట్టు చెక్కుచెదరలేదు. రాయనివ్వదు గానీ చదవనిస్తుంది గదా, స్టూడియోకి తెచ్చి డ్రైవులో పెట్టాను. వైశాఖం పెళ్ళిళ్ళ దగ్గర మొదలెట్టి వరసగా చుట్టుకుంటూ వస్తోంది. మస్కట్ అన్నయ్య గడియారం చూసుకుంటూ, "కాస్త ముందుకి జరపండి తమ్ముడుగారూ" అన్నాడు. "టేపండీ. మధ్యలోకి దూకలేం, ముందువన్నీ దాటుకునే రావాలి." "పెళ్ళైనా అంతే కదండీ" అన్నారు పిన్నిగారు, ఆయన చేతిలో పెసరట్టు పళ్ళెం పెడుతూ. బురద ఆరని ఆ ఇద్దరూ కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. తాతని చూడకుండా వెళ్ళడం వాళ్ళకి నచ్చలేదు.

శ్రావణం వచ్చింది. ఐనవిల్లి పందిరి వచ్చింది. హోమగుండం, పొగ, చెల్లెలి దోసిలి. పేలాల పళ్ళెం పట్టుకుని వాళ్ళమ్మగారు ముందుకొచ్చారు. ఆవిడ రెండో చేతిలో ఫోను, ఫోనులో సిగ్నలు పోయి, నోరు తెరిచినచోటే ఆగిపోయిన మస్కట్ అన్నయ్య ముఖం. పురోహితుడు తొందరపెడుతున్నాడు. అమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఫోనుని పళ్ళెంలోకి చేటలా దించి, పేలాలు ఎత్తి, కూతురి దోసిట్లో ఒంపారు. మూడుసార్లు. మూడోసారి ఫోనుని దులిపి, కొంగుతో అతని ముఖం తుడిచారు కూడా.

"నేనే పోసేనండీ" అన్నాడు మస్కట్ అన్నయ్య, పెసరట్టు పట్టుకుని. తరవాత ఇంకోసారి గట్టిగా, గుమ్మంలో ఉన్న బురదవాళ్ళకేసి తిరిగి, "నేనే పోసేనండీ!" వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆరోజు ఆయన బస్సెక్కేలోగా ఆ ముక్క పదకొండుసార్లు వేయించుకున్నాడు.

ఇప్పుడు నేను కాకినాడలో ఒక ఆఫీసులో టేపుల గదికి బాధ్యుణ్ణి. ఇక్కడ గదికి చల్లటి గాలి, తలుపుకి వేలిముద్ర, గోడమీద నేను గీసిన పటం కంటే మంచి పటం అన్నీ ఉన్నాయి. ఒక్కోసారి ఆ పటం ముందు నిలబడితే, అమలాపురంలో తన లెక్కకి తనే మురిసిపోతూ నిలబడ్డ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి భుజమ్మీద చెయ్యి వేసి కాస్త పక్కకి జరిపి, పిన్నిగారికి దారి ఇవ్వాలనిపిస్తుంది. నేను మానేసి వచ్చేటప్పుడు బాబాయ్ గారు పాత తాతని నాకే ఇచ్చేశారు. అదీ ఈ గదిలోనే ఉంది.

గదిలో టేపులు మొత్తం మూడువందల పన్నెండు. బొట్టున్నది ఒకటి.