ఇరవై ఒక్క దినాల సున్నం

మా దుకాణాల వాళ్లకు ఒక జబ్బు ఉంది. ఎదుటివాడి నోట్లోంచి అంకె రాగానే మా చెవి దాన్ని సగం చేసి లోపలికి పంపుతుంది. డాక్టరు పూటకు రెండు గోలీలు వేసుకోమంటే మా నాన్న దవాఖానలోనే "ఒకటి చాలదా?" అని బేరం పెట్టాడు. నేను పడి పడి నవ్వాను. నాకు వచ్చింది ఆ నోరేనని అప్పటికి తెలియదు.

జహీరాబాద్‌లో మా కిరాణా దుకాణానికి ఎదురుగానే నేను చదివిన బడి. మూరన్నర మందం ఎర్రరాతి గోడలు, టేకు దూలాలు, పైన డంగు సున్నంతో దట్టించిన గచ్చు కప్పు. ఏప్రిల్‌లో బొంబాయి రోడ్డు మీద తారు కరుగుతున్నా లోపల చల్లగా ఉండేది. ఫ్యాను కాదు కదా, కరెంటే లేదు. ఎనభైల మొదట్లో ఆ కప్పు కురవడం మొదలైంది. పై ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకసారి తల ఎత్తి చూసి, ఇదంతా తీసేసి సిమెంటు రేకులు వేద్దామన్నాడు.

పెద్దసారు నాకు కూడా లెక్కలు చెప్పినవాడు. అంతకుముందు ఆయన ఒక రేకుల బడిలో పనిచేశాడు. ఎండాకాలం అక్కడ పిల్లలకు ముక్కుల్లోంచి నెత్తురు కారడం చూశాడు.

"రాయి మంచిగున్నది, దూలాలు మంచిగున్నయి. ఉన్నదాన్ని పారేసుడు ఎందుకు సార్? సున్నం మళ్ల ఎయిస్తే ఫికర్ లేదు. మీద పడ్డ వాన నీళ్లు గొట్టంతోని బాయిల ఇడుస్తం," అని ఆయన వాదించి, ఇంజనీరు దగ్గర ఒక్క వానాకాలం గడువు సంపాదించాడు. ఆ వానాకాలంలో కప్పు కురిస్తే మారుమాట లేకుండా రేకులకు ఒప్పుకుంటానని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

పని మాట్లాడటానికి నన్ను పిలిచాడు. "నీ నోటికి ఎదురు లేదు గదరా. మేస్త్రి సంగతి నువ్వే చూడు."

డంగు సున్నం పని తెలిసినవాడు చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. చిరాగ్‌పల్లి నుంచి సైకిల్ మీద వచ్చే ముసలాయన. సిమెంటు వచ్చాక ఆయనకు పనే లేదు. కూలి దగ్గర పేచీ పెట్టకుండా ఒప్పుకున్నాడు. అది నాకు నచ్చలేదు. బేరం లేకుండా తెగిన పని నాకు ఒంటికి పట్టదు.

"సున్నం గుంతల ఇరవై ఒక్క దినాలు నానాలె సేటు," అన్నాడు. "ఆ తర్వాతే గానుగల ఏసి తొక్కియ్యాలె."

"పది," అన్నాను.

"పది ఏంది?"

"పది దినాలు. మిరుగం నెత్తిమీదికొచ్చింది, ఇగ వానలు పడ్తయి. బడి తెరిస్తే పిల్లలను యాడ కూసోబెట్టాలె?"

ఆయన నవ్వాడు. "గది నేను చెప్పే లెక్క గాదు సేటూ. సున్నం చెప్పే లెక్క."

"సున్నానికి నోరున్నదా? నువ్వెట్ల చెప్తే అట్ల ఇంటది. పన్నెండు చెయ్యి ఉస్తాద్. జర నా మొఖం చూడు."

చూశాడు. ఈ పని కూడా సిమెంటువాళ్లకు ఇచ్చేస్తానేమోనన్న భయం ఆయన కళ్లలో కనిపించింది. బేరంలో నేను వెతికేది సరిగ్గా దాన్నే.

"మీ ఇష్టం," అన్నాడు.

పెద్దసారు దగ్గరికి పోయి, తొమ్మిది దినాలు కొట్టేశానని మీసం తిప్పాను. ఎందులోంచి కొట్టేశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయనకు లెక్కలు తెలుసు గానీ సున్నం తెలియదు. భుజం తట్టాడు.

మిరుగానికి కప్పు తయారైంది. కోడిగుడ్డులా నున్నగా మెరిసింది. మొదటి వానలకు చుక్క దిగలేదు. మేస్త్రికి చాయ్ తాగించి "చూసినవా మరి?" అన్నాను. ఆయన తల ఎత్తి బడి పైకప్పు వైపే చూస్తూ తాగాడు.

గుంతలో పూర్తిగా ఉడకని సున్నపు పలుకులు గచ్చులోనే మిగిలిపోయాయి. అవి వాన నీళ్లు తాగి ఉబ్బాయి. గచ్చు పొక్కులు పొక్కులుగా లేచి పగిలింది. శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున రెండో తరగతి గదిలో తట్టెడు పెచ్చు ఊడిపడింది. పిల్లలు బయట ప్రార్థనలో ఉన్నారు కాబట్టి బతికారు.

ఇంజనీరు వచ్చాడు. వరండాలో అందరం నిలబడ్డాం.

"సున్నం ఎన్ని దినాలు నానబెట్టినవ్?" అని మేస్త్రిని అడిగాడు.

ముసలాయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"పన్నెండు, సాబ్."

"గిన్నేండ్లు పని చేసినవ్, గంత తెల్వదా?"

"తప్పయింది సాబ్."

నేను గొంతు సవరించుకున్నాను. తర్వాత దుకాణంలోంచి ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి నడిచాను. ఎవరూ పిలవలేదు.

పెద్దసారు సంతకం పెట్టిన మాట మీద నిలబడ్డాడు. దసరా సెలవుల్లో కప్పు విప్పి రేకులు వేశారు. మరుసటి ఎండాకాలం ఒంటిపూట బడే అయినా పదింటికల్లా లోపల కూర్చోలేకపోయేవారు. రేకుల మీద తడి గోనెసంచులు పరిపించేవాడు పెద్దసారు. సంచులు నేనే ఇచ్చాను. గంటలో పెళపెళ ఎండిపోయేవి. ఒకరోజు నేను సంచులు మోసుకుని వెళ్లేసరికి ఒక పిల్ల మెట్ల మీద తల వెనక్కి వాల్చి కూర్చుంది. ఆయన తన రుమాలుతో దాని ముక్కు కింద నెత్తురు తుడుస్తున్నాడు. నన్ను చూసి తల ఎత్తాడు.

"మేస్త్రి మోసం చేసిండురా," అన్నాడు.

"అవు సారు," అన్నాను.

బడి దూలాలు వేలానికి వచ్చాయి. మంచి టేకు. పాడింది నేనే. వాటితో దుకాణం కప్పు మార్చాలనుకున్నప్పుడు ఆ మేస్త్రికే కబురు పెట్టాను. బడి సంగతి తెలిశాక ఆయన్ను ఎవరూ పిలవడం లేదు. అందుకే వచ్చాడనుకుంటాను. సున్నం గుంత ముందు నిలబడి, నా ముఖం చూడకుండా అడిగాడు.

"ఎన్ని దినాలు సేటు?"

"ఇరవై ఒకటి."

"బేరం లేదా?"

"లేదు."

ఆయన వేసిన చివరి కప్పు అదే. ఇప్పటికీ చుక్క కురవదు. ఎండాకాలం సరుకులకు వచ్చినవాళ్లు కొనడం అయిపోయినా కాసేపు నిలబడతారు. "మీ దుకాణంల ఎంత సల్లగుంటది సేటు," అంటారు. వాళ్ల వెనక, రోడ్డుకు అవతల, రేకుల బడి కనిపిస్తుంటుంది. నేను తక్కెడ ముల్లు చూస్తున్నట్టు తల దించుకుంటాను.