పొగ వేసిన కొట్టం

నిన్న ఉడుమలైపేట బస్సులో ఒక జోరీగ కిటికీ అద్దానికి కొట్టుకుంటూ మోగింది. పక్కనున్నావిడ చేతిసంచితో కొట్టబోతే నా చెయ్యి అడ్డం వెళ్లింది. ఆ మోత వింటే నాకు సరోజ మేడం గుర్తొస్తారు.

నా మొదటి ఉద్యోగం పశువైద్య కాలేజీలో, ఆమె దగ్గరే. పశువుల రక్తం తాగే ఈగల మీద ఆమె పరిశోధన. ఆమెది అన్నూరు పక్క రైతుల కుటుంబం. ఇంట్లో మాట్లాడే తెలుగే నాతోనూ మాట్లాడేవారు, నన్ను ప్రేమగా అమ్మిణీ అనేవారు. ఎండవేళ కొట్టాలకు వెళ్లి ఆవుల మీద వాలిన జోరీగలను లెక్కపెట్టడం మా పని. మనుషులతో పెద్దగా మాట్లాడక్కర్లేదని నేను చేరాను. మనసులో మాటలన్నీ డైరీకే చెప్పుకునేదాన్ని.

మొదటిరోజే సీసాలో ఒక ఈగను చూపించారు. "మొగది పూలతేనె తాగి బతికేస్తాది అమ్మిణీ. గుడ్లు పెట్టాలంటే ఆడదానికి నెత్తురు కావాల. తోలు కోసి, ఊరింది నాకుతాది. ఆవు తోక ఇసిరిందా, సగం కడుపుతో ఇంకో ఆవు మీదికి పోతాది. రోగం మోసుకుపోయేది అప్పుడే." సీసా మూత బిగిస్తూ, "పావం, దానికేం తెలుసు" అన్నారు.

కాలువ పక్క తోటలో పాపమ్మ అవ్వ ఉండేది. జోరీగ పిల్లలు పెరిగేది కాలువ గట్టు బురదలోనే. అవ్వ చూలావు చిక్కిపోతోంది, జ్వరం వచ్చి పోతోంది. మా లెక్కలో ఈగలు ఎక్కువున్న కొట్టాల పశువులకే రక్తపరీక్ష. అక్కడ ఈగలు లెక్కపెట్టే రోజు నేనొక్కదాన్నే వెళ్లాను. అవ్వ కొట్టం కడిగి, వేపాకు పొగ వేసి, మజ్జిగతో ఎదురొచ్చింది. "కాలేజీ బిడ్డ వస్తా ఉంటే ఈగలు కరవనిస్తామా?"

అంత మర్యాద చేసిన మనిషికి తప్పు జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు. పొగకు ఈగలన్నీ పారిపోయాయి, పట్టికలో సున్నా వేశాను. పొగ సంగతి డైరీలో రాసుకున్నాను. పది రోజులకు పరీక్షల జాబితా వచ్చింది. అవ్వ పేరు లేదు.

మేడం ముందు డైరీ తెరిచిపెట్టి నిలబడ్డాను. చదివారు. తిట్టలేదు.

"సరి. అవ్వతో ఎవరు చెప్పేది?"

"మీరు..."

"ఆ పొద్దు నేను అక్కడ లేనే."

మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఆమె నా వెనకే నిలబడ్డారు. "అవ్వా, ఈరోజు పొగ వద్దు. ఆరోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే" అన్నాను.

అవ్వ నవ్వింది. "అడ కడవుళే, దేవుడా! ఈగలే నీకు చుట్టాలని ముందే చెప్పుండకూడదా!"

ఆ మధ్యాహ్నం ఈగలు పట్టడానికి తెచ్చిన సీసాలు చాలలేదు. పరీక్షలో రోగం బయటపడింది, సూదిమందు పడింది, ఆవు బతికింది. కడుపులో దూడ దక్కలేదు. నా ఆలస్యం వల్లేనా అని మేడంని అడిగాను. నా చెయ్యి పట్టుకున్నారు. "తెలీదు అమ్మిణీ" అన్నారు. ఓదార్చడానికి కూడా ఆమె అబద్ధమాడలేదు.

ఆమె రిటైరయ్యాక ఆ పని నేనే చేస్తున్నాను. ఏ కొట్టానికి వెళ్లినా గడపలోనే, కుశలం కూడా అడక్కముందే, పొగ వేశారా అని అడుగుతాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాను.