బడి ముందు గొర్ల మంద

పెద్దులు సారు పేరెత్తితే మా ఊళ్లో ముందు నవ్వుతారు, తర్వాతే మాట్లాడతారు. గొర్లకాపరుల ఇంట పుట్టి మా సర్కారు హైస్కూలులో పంతులైన మొదటి మనిషి ఆయనే. అదీ కచ్చా నౌకరీ. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటేనే పక్కా అవుతుంది, లేదంటే మళ్లీ గొర్ల వెనకాలే.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మాట ఇది. సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, పట్టుకోవడానికి వచ్చిన పోలీసులు బడిలోనే క్యాంపు పెట్టి, బెంచీలన్నీ పొయ్యిలో పెట్టుకుని పోయారు. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చింది గానీ, తెలుగు పుస్తకాలు మాత్రం ఇంకా హైదరాబాదు దాటలేదు. బెంచీ లేదు, పుస్తకం లేదు. పెద్దులు సారు పిల్లల్ని బడి వెనక ఖాళీ జాగాకు తోలుకుపోయాడు.

"గీడ కూరగాయల తోట పెడుదాం. దానికి ఏమేం గావాల్నో మీరే తెలుసుకోవాలె, మీరే లెక్క గట్టాలె. నేను చెప్ప," అన్నాడు.

ఇక చూడాలి తమాషా! కొందరు తాడు పట్టుకుని జాగా కొలిచారు, తప్పొచ్చిందని మళ్లీ కొలిచారు. కొందరు భువనగిరి అంగడికి పోయి ఏ కూర ఎప్పుడు దొరకదో అడిగొచ్చి, వంకాయా బెండకాయా అని జుట్లు పట్టుకున్నారు. హెడ్మాస్టరు రఘుపతిరావుకు ఒళ్లు మండిపోయింది.

"పిల్లలతోని మట్టి పిసికిస్తున్నవేందయ్యా? ఇన్‌స్పెక్టరు రానీ, నీ తోట, నీ నౌకరీ రెండూ పోతయ్!"

ఈ మాట విని పెద్దులు తల్లి గోపమ్మ సంబరపడింది. "పోతే పోనియ్ బిడ్డా. మన గొర్లు యాడికి పోయినయ్?"

తోటకు ఎరువు కావాలని పిల్లలు తేల్చారు. మావైపు దుక్కికి ముందు చెలకల్లో గొర్ల మంద పెట్టించుకుంటారు. రైతు నాలుగు మూలలా గుంజలు పాతితే చాలు, కాపరులు వాటి నడుమ మందను పండబెడతారు. తెల్లారేసరికి చెలకంతా పెంట. పిల్లలు వెనక జాగాలో గుంజలు పాతారు. "అమ్మా, బడికాడ గుంజలున్న జాగాల మంద పెట్టు," అన్నాడు పెద్దులు తల్లితో.

అదే రోజు సాయంత్రం హెడ్మాస్టరు కూడా, మర్నాడు రాబోయే ఇన్‌స్పెక్టరుకు పందిరి వేయిద్దామని బడి ముందు నాలుగు గుంజలు పాతించాడు. ఆ సంగతి పెద్దులుకు తెలియదు.

పొద్దున్నే దండ పట్టుకుని వచ్చిన హెడ్మాస్టరు గుండె ఆగినంత పనైంది. పందిరి జాగా నిండా గొర్లు! నడుమ కర్ర ఆనుకుని గోపమ్మ!

"ఏం పనమ్మా గిది!"

"గుంజలు పాతింది నువ్వే గద సారూ? నిండు మంద పెట్టిన. ఫికర్ చెయ్యకు, ఏమన్న పండుతది."

అంతలో ఇన్‌స్పెక్టరు జీపు వచ్చి ఆగింది. ఆయన దిగి, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, "ఎవరి పనయ్యా ఇది?" అన్నాడు. "మీకు పందిరి వేద్దామన్న జాగా సార్!" అంటూ హెడ్మాస్టరు పెద్దులు వైపు వేలు చూపాడు.

"మంద పెట్టమన్నది నేనే సార్," అన్నాడు పెద్దులు.

అప్పటికే చుట్టూ మూగిన పిల్లల్లో బీరప్ప అనే వాడికి ఇవేవీ పట్టలేదు. "మంచిగయింది సార్! తోట గీడనే పెడుదాం. బాయి దగ్గర, నీళ్లు మోసుడు తప్పుతది."

"బాట పక్కన పెడితే మేకలు మేసిపోవా? కంచెకు ముళ్లకంప ఎవలు కొట్టుకొస్తరు, మీ నాయినా?" అని మంజులత ఎగిరింది.

ఇంక ఇన్‌స్పెక్టరు ఉన్నాడన్న సోయి ఎవరికీ లేదు. ఒకడు పుల్లతో నేల మీద కంచె గీశాడు. ఇంకొకడు చుట్టుకొలత కట్టాడు. అది తప్పని మంజులత కాలితో చెరిపేసింది. ఇన్‌స్పెక్టరు దస్తీ ఎప్పుడు జేబులోకి పోయిందో గానీ, గొర్ల నడుమ నుంచి దారి చేసుకుని వచ్చి గీతల మీదికి వంగాడు.

"దర్వాజా మరిచిపోయారు. లోపలికి ఎలా పోతారు?"

దర్వాజా ఎటు పెట్టాలని పిల్లలు మళ్లీ తగాదాకు దిగారు. ఆయన నవ్వాడు.

"పందిరి వద్దు రఘుపతిరావుగారూ, తోట ఇక్కడే పెట్టించండి. ఈ పంతులును పక్కా చేస్తున్నాను."

"గట్లయితే గొర్లను నేనే కాసుకోవాల్నా?" అని గోపమ్మ మూతి తిప్పింది. పైట చెంగుతో కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఆ నాలుగు గుంజల మీదికి చిక్కుడు పాకించారు. మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరును ఆ నీడలోనే కూర్చోబెట్టారు. హెడ్మాస్టరే స్వయంగా కాయలు కోసి మూట కట్టిచ్చాడు.