నూలు పిండిన సైగ

నారాయణపేటలో నూలుకు రంగులేసే అహ్మద్ అలీ ఇంట్లో మాట్లాడే నోళ్ళు రెండే. ఒకటి అతనిది, రెండోది కూతురు జాహేదాది. భార్య అజీజా బేగం పుట్టు చెవిటిది. చెవిలో పడని మాట నోట్లోంచి ఎట్లా వస్తుంది, అందుకని మూగది కూడా. అయినా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆమే. మోచేతుల దాకా రంగు పట్టిన ఆ చేతులు పొద్దున లేచింది మొదలు ఊరుకునేవి కావు. కట్ట తర్వాత కట్టగా నూలు చిలపలు ముంచుతూ, పిండుతూ, దండెం మీద ఆరేస్తూ, మధ్యలో వీలు చూసుకుని తిట్టాల్సిన వాళ్ళను తిట్టేవి, పక్కింటి సంగతులన్నీ చెప్పేసేవి.

అహ్మద్ అలీకి ఆ చేతుల మాట సగమే తెలిసేది. "అన్నం, నీళ్ళు, బజారు, కోపం. మొగనికి గింతకన్న ఎక్కువ తెల్వద్దు" అని నవ్వేవాడు. మిగతా సగం జాహేదాకే తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ కూరగాయలామె అయినా, దవాఖానలో డాక్టరైనా "ఏమంటాందే మీ అమ్మ?" అని అడిగేది ఆ పిల్లనే. తెల్వదు అన్న జవాబు ఆ పిల్ల నోట ఎన్నడూ రాలేదు.

ఆ జవాబుల్లో కల్తీ మాత్రం ఉండేది. ఒకసారి నూలు అమ్మే సోమన్న తూకంలో మోసం చేశాడని అజీజా బేగం అతని దుకాణం ముందు నిలబడి, అతని తక్కెడను, అతని చేతులను, అతని ఏడు తరాలను చేతులతో కడిగేసింది. జాహేదా తలవంచుకుని, "అన్నా, జర మల్లొక్కసారి తూకం చూడమంటాంది" అన్నది.

"గంత సేపు చేతులూపింది గీ ముక్కకేనా?" అన్నాడు సోమన్న. అన్నాడే గాని మళ్ళీ తూచాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అజీజా బేగానికి ఆ మంచి నోరు కూతురే.

తల్లీకూతుళ్ళ సైగలు ఏ బడిలోనూ పుట్టినవి కావు, రంగు కాగుల దగ్గర పుట్టినవి. గడ్డం మీద వేలు పెడితే జాహేదా, ఆ పిల్లకు అక్కడ పుట్టుమచ్చ ఉంది కాబట్టి. రెండు పిడికిళ్ళు ఒకదానికొకటి ఎదురుగా తిప్పితే, అంటే తడి నూలు పిండినట్టు చేస్తే, నొప్పి. తల దగ్గర పిండితే తలనొప్పి, మోకాలి దగ్గర పిండితే మోకాలి నొప్పి. అంతకంటే బాగా నొప్పిని చెప్పే మాట జాహేదాకు ఉర్దూలో దొరకలేదు, తెలుగులోనూ దొరకలేదు.

ఎనభై ఆరులో జాహేదా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పూర్తిచేసింది. ఆ ఏడే అక్కడ చెవిటి పిల్లలకు ఒక బడి పెట్టారు. కిరాయి ఇల్లు, రెండు గదులు, ఒక రేకుల వరండా. హెడ్మాస్టరు గుర్వయ్య మామూలు బళ్ళో లెక్కలు చెప్పి వచ్చినవాడు. బోర్డు మీద రాసి గొంతు చించుకునేవాడు, పిల్లలు ఆయన మీసాలకేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. జాహేదా కొలువులో చేరిన రోజు ఆయన పక్కన నిలబడి, ఆయన చెప్పిందంతా చేతులతో చెప్పింది. పిల్లల కళ్ళు ఆయన మీసాలు వదిలి ఆమె చేతుల మీదికి వచ్చాయి. వారం తిరగకుండా వాళ్ళ ఊళ్ళ సైగలు, ఆమె సైగలు కలిసిపోయి ఒక భాష తయారైంది. కేతేపల్లి నుంచి వచ్చిన యాదలక్ష్మి అనే పిల్ల, అంతవరకు మూలన కూర్చుని గోళ్ళు కొరుక్కునేది, తీసివేతలో అప్పు ఎందుకు తెస్తారని చేతులతో అడిగింది.

"ఏమంటాందమ్మా గా పిల్ల?" అన్నాడు గుర్వయ్య. జాహేదా చెప్పింది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "ఇన్నేండ్ల సంది గీ ప్రశ్న నన్నెవ్వరు అడగలే" అన్నాడు.

రెండేళ్ళు అట్లా బాగానే నడిచింది. ఎనభై ఎనిమిదిలో తనిఖీకి వచ్చిన అధికారి తలుపు దగ్గరే ఆగిపోయాడు. గది నిండా చేతులు ఆడుతున్నాయి. "ఇది బడా, కోతులాటా? ట్రైనింగైన టీచరు ఎవరూ లేరా?" అని కేకలేశాడు. ట్రైనింగైన టీచరు లేకపోతే బడికి గుర్తింపు ఉండదన్నాడు. డిగ్రీ ఉన్నది జాహేదా ఒక్కతే. హైదరాబాదులో డిగ్రీ వాళ్ళకు ఏడాది ట్రైనింగు ఉందని తెలిసి గుర్వయ్యే ఆమెను బస్సెక్కించాడు.

"మంచిగ నేర్చుకొని రామ్మా. నీకు ఇంట్ల వచ్చినయి వంద సైగలైతే వాళ్ళకు వెయ్యి ఉంటయి" అన్నాడు. జాహేదా కూడా అదే అనుకుంది. పాపం, ఇద్దరూ అమాయకులే.

అక్కడ మొదటి పాఠమే చేతులు వెనక్కి కట్టుకోవడం. ట్రైనింగు చెప్పే లక్ష్మీనర్సమ్మ మేడమ్ చెడ్డమనిషి కాదు. ఆమె చెల్లెలి కొడుకు చెవిటివాడు, పదేళ్ళు కష్టపడితే ఇరవై మాటలు వచ్చాయి వాడికి. ఆ ఇరవై మాటలే ఆమె మతం. "లోకం వీళ్ళ కోసం సైగలు నేర్చుకోదు. వీళ్ళే లోకం కోసం మాట నేర్చుకోవాలి. చెయ్యి లేచిందంటే గొంతు పడుకుంటుంది" అనేది. పిల్ల సైగ చేస్తే టీచరు దానికి జవాబివ్వకూడదు. చేతులు పట్టుకుని ఒళ్ళో పెట్టి, పెదవి మీద తట్టి, నోటితో చెప్పేదాకా ఆగాలి. ఎంత చిన్న గొంతు వచ్చినా మెచ్చుకోవాలి. బడిలో ఒక తీరు, ఇంట్లో ఒక తీరు ఉంటే మాట రాదు కాబట్టి ఇంట్లోనూ ఇదే పద్ధతి.

జాహేదా చేతులు మొదట్లో వినలేదు. మాట్లాడుతుంటే అవే లేచేవి. మేడమ్ ఆమె చున్నీతోనే ఆమె మణికట్లు కట్టి పాఠం చెప్పించింది. తోటివాళ్ళు నవ్వారు. ఆ రాత్రి జాహేదా ఏడ్చింది గాని మేడమ్ మీద కోపంతో కాదు, సిగ్గుతో. ఇన్నేళ్ళూ తన చేతులే అమ్మ గొంతు నొక్కేశాయేమో అనుకుంది. చదువుకున్నవాళ్ళు చెప్పింది తప్పు కావచ్చునని ఆ వయసులో, ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఎట్లా తడుతుంది?

రంజాన్ సెలవులకు ఇంటికి వచ్చి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చేతులతో చివరిసారి చెప్పింది: నా పరీక్ష అయ్యేదాకా మనిద్దరి మధ్య చేతులు బంద్. నేను నోటితో చెప్తా, నువ్వు నా పెదవులు చూడు, నువ్వూ నోటితోనే చెప్పు. అజీజా బేగం పడీపడీ నవ్వింది. తర్వాత బిడ్డ మొహం చూసి, పరీక్ష అంటున్నది కదా అని, రెండు చేతులూ ఓణీలో చుట్టుకుంది.

"ఉర్దూ నేర్పిస్తవా, తెలుగు నేర్పిస్తవా?" అన్నాడు అహ్మద్ అలీ. "రెండు నేర్పకు బేటీ, నన్ను రెండిట్ల తిడుతది."

పెదవుల ముందు కాగితం ముక్క పట్టి ఊదించింది. తన గొంతు మీద తల్లి చెయ్యి పెట్టి అదురు చూపించింది. నలభై అయిదేళ్ళ ఆడమనిషి చిన్నపిల్లలా కాగితం ముక్కను ఊదుతూ కూర్చుంది. రెండు రోజులకు "బే" లాంటిదొకటి వచ్చింది. గోడ మీదినుంచి చూస్తున్న వాడకట్టు పిల్లలు పకపకా నవ్వారు. నవ్వు వినపడకపోయినా కనపడుతుంది కదా. అజీజా బేగం నోరు మూసేసుకుంది. బిడ్డ కళ్ళలో మెరుపు చూసి మళ్ళీ తెరిచింది.

పండుగ మర్నాడు అహ్మద్ అలీ బజారుకు పోయిన వేళ చూసుకుని, అజీజా బేగం కూతురిని కాగుల వెనక్కి తీసుకుపోయింది. అటూ ఇటూ చూసింది. బొడ్డు కింద రెండు పిడికిళ్ళు పెట్టి నూలు పిండింది. మళ్ళీ పిండింది. మొగుడికి చెప్పుకోలేని జాగాలో నొప్పి అది, ఆడబిడ్డకే చెప్పుకోవాలి.

జాహేదా చూసింది. చూడలేదని ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. చూసింది, నెలసరి నొప్పి కాబోలు అనుకుంది, నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఆ రెండు పిడికిళ్ళూ పట్టి కిందికి దించింది. తల్లి పెదవుల మీద వేలితో తట్టింది. "నోటితో చెప్పు అమ్మీ."

అజీజా బేగం బిడ్డ మొహం చూసింది. తర్వాత నోరు తెరిచింది. లోపల్నుంచి ఒక గొంతు వచ్చింది, ఇంతకుముందు వచ్చిన వాటికంటే పెద్దది, పొడుగుది.

"శభాష్ అమ్మీ!" అని జాహేదా చప్పట్లు కొట్టింది. తల్లిని కౌగిలించుకుంది. ఆ గొంతు ఏం చెప్పిందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి సంతోషంలో తోచనే లేదు. సెలవులై తిరిగిపోయాక మేడమ్‌తో చెబితే, మేడమ్ ఆమెను క్లాసు ముందు నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

చెప్పుకోవలసిన మాట చెప్పానని తల్లి అనుకుంది. విన్న బిడ్డ సంతోషపడింది, అంటే ఫికర్ పడాల్సింది ఏమీ లేదనుకుంది కాబోలు. ఆ తర్వాత ఎర్రపోత ఎక్కువైంది. ఇంకో ఇంట్లో అయితే ఎవరో ఒకరు గమనించేవాళ్ళు. నూలుకు రంగులేసే ఇంట్లో ఎర్రగుడ్డలు ఉతికితే, ఎర్రనీళ్ళు మోరీలో పోతే, ఎవరు చూస్తారు? అహ్మద్ అలీ రోజూ ఆ మోరీ దాటుకునే నమాజుకు పోయేవాడు.

జాహేదా ఫస్టు క్లాసులో పాసై వచ్చింది. బడికి గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆమె క్లాసులో పిల్లలు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నారు. యాదలక్ష్మి మళ్ళీ గోళ్ళు కొరుక్కుంటున్నది. గుర్వయ్య ఒకరోజు "ట్రైనింగు మంచిదే గావచ్చు జాహేదమ్మా, కానీ పిల్లలు నన్ను ఏం అడుగుతలేరు" అన్నాడు. ఆమె బోర్డు తుడవడం మొదలుపెట్టింది. ఇంటికి పోయినప్పుడు పరీక్ష అయిపోయింది, ఇక చేతులతో చెప్పొచ్చు అనుకుంది గాని, తల్లి చేతులు ఓణీలోంచి బయటికి రాలేదు. పోనీలే, అలవాటైపోయింది, మంచిదే అనుకుంది. ఎవరికైనా కడుపు మండేది ఇక్కడే. ఒక్కసారి అడిగి ఉంటే!

తొంభైలో, వానలు మొదలైనప్పుడు, అజీజా బేగం కాగు దగ్గర పడిపోయింది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తెచ్చారు. డాక్టరమ్మ చూసి బయటికి వచ్చి, గర్భసంచిలో రాచపుండు, చాలా దూరం పాకింది, ఏడాది పైనుంచి ఉండి ఉంటుందన్నది. "ఎప్పటి సంది నొప్పి ఉందో, ఇప్పుడు ఎక్కడ ఎక్కువుందో అడుగమ్మా. మందిస్త. నువ్వు చెవిటోళ్ళ టీచరువట గదా."

జాహేదా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడాది తర్వాత తల్లి ముందు చేతులెత్తింది. పిడికిళ్ళు ఎదురెదురుగా తిప్పింది. ఎక్కడ? ఎప్పటి నుంచి? తన బొడ్డు కింద పెట్టి పిండి చూపించింది. ఇక్కడనా? ఆ రోజు చెప్పింది ఇదేనా?

అజీజా బేగం బిడ్డ చేతులకేసి చూసింది. మెల్లగా తన చెయ్యి చాపి ఆ పిడికిళ్ళు రెండూ పట్టుకుని కిందికి దించింది. ఎట్లా దించాలో ఆమెకు బిడ్డే నేర్పింది. ఆ పైన నోరు తెరిచింది.

ఒక గొంతు వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే గొంతు. పెదవులు గుండ్రంగా చుట్టి, కాగితం ముక్క ముందున్నట్టు జాగ్రత్తగా, బిడ్డ మొహం చూస్తూ, పరీక్ష రాస్తున్న పిల్లలా చెప్పింది. జాహేదా ఆమె చేతులను పట్టుకుని పైకి లేపింది, వేళ్ళు విడదీసింది, ముద్దు పెట్టుకుంది, చెప్పు అమ్మీ, చేతులతో చెప్పు అని బతిమాలింది. పైకి లేపినప్పుడల్లా ఆ చేతులు మళ్ళీ దుప్పటి మీద పడ్డాయి. రంగు ఇంకా పోని వేళ్ళు కదల్లేదు. నోరే కదిలింది, చాలాసేపు కదిలింది.

"ఏమంటాందమ్మా?" అన్నది డాక్టరమ్మ.

ఆ గొంతులో ఒక్క ముక్క కూడా జాహేదాకు అర్థం కాలేదు. చెప్పడానికి ఏముంది? తల్లి తెల్లవారకముందే పోయింది. వరండాలో కూర్చున్న అహ్మద్ అలీ లోపలికి వచ్చి, భార్య మొహం మీద దుప్పటి సవరించి, ఎప్పటిలాగే కూతురి వైపు తిరిగాడు.

"ఏమన్నది బేటీ మీ అమ్మ?"

సోమన్న దుకాణం ముందు తలవంచుకున్న చిన్నపిల్లలాగే తలవంచుకుంది జాహేదా. "నొప్పి తగ్గిందన్నది అబ్బా" అంది.

బడిలో ఆమె మళ్ళీ చేతులతోనే చెప్పింది. గుర్వయ్య తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, తనిఖీ వాళ్ళు గేటు దాటితే దగ్గేవాడు. ఆయన దగ్గగానే పిల్లలందరూ చేతులు తొడల కింద పెట్టుకోవాలి కాబట్టి, ఆ దగ్గు వినపడని పిల్లలకు ఆమే సైగ చేసి చెప్పేది. యాదలక్ష్మి ఏడో తరగతి దాకా చదివింది. జాహేదా ట్రైనింగు కాగితం ఆఫీసు గోడ మీద అద్దంలో ఉండేది, బడి దాని మీదే నడిచింది మరి.

అహ్మద్ అలీ ముసలివాడయ్యాడు, రంగుల పని మానేశాడు. పోయినవాళ్ళను తలుచుకునే షబే బరాత్ నాడు భార్య సమాధి దగ్గర ఫాతిహా చదివి వచ్చి, చాయ్ తాగుతూ ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు.

"పోయేముందు నొప్పి తగ్గిందన్నది గదా బేటీ. అల్లా దయ."

"అవునబ్బా" అనేది జాహేదా.