అత్త ఏ షిఫ్టు?

ప్రపంచంలో ఏ గొడవ చెప్పినా పోశం కాక దగ్గర ఒకటే ప్రశ్న ఉంటుంది. "ఏ షిఫ్టు?" మొగుడు మాట్లాడటం లేదన్నా అదే, మరీ ఎక్కువ మాట్లాడుతున్నాడన్నా అదే. గోదావరిఖనిలో ఏళ్ల తరబడి బాయి దిగి రిటైరైన మనిషి. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటాం. పొద్దున ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం సెకండ్ షిఫ్టు, రాత్రి నైట్ షిఫ్టు, వారం వారం మారుతుంటాయి. మనుషుల్లో మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండే రకాలని మనం అనుకుంటాం కదా, కాక లెక్కలో మూడు రకాలు.

ఈయనతో నాకు పరిచయం ఎక్కడయిందో చెబితే నమ్మరు. చంటిపిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో. "మన ఖని అమ్మలు" అనే ఆ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. మాది మంథని, మా ఇంట్లో తరతరాలుగా అందరూ పంతుళ్లే కాబట్టి నలుగురికీ చెప్పే జబ్బు నాకూ ఉంది. గ్రూపులోకి మగవాళ్లకు ప్రవేశం లేదు. కాక తన భార్య సారవ్వ పేరుతో వచ్చాడు. మనవరాలు పుట్టినప్పుడు కూతురు ఆమెను చేర్చింది. సారవ్వకు చదువు రాదు కాబట్టి కాక చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసేవాడు. కొన్నాళ్లకు ఆమె చెప్పడం మానేసింది, ఈయన రాయడం మానలేదు.

ఒకరోజు పొరపాటున వాయిస్ మెసేజ్ నొక్కాడు. బొగ్గు దుమ్ము తిన్న మగ దగ్గు గ్రూపంతా వినిపించింది. వెంటనే తీసెయ్యాలని గొడవ మొదలైంది. అప్పుడు సారవ్వ తన గొంతుతోనే చెప్పింది. "గాయిన చదివితేనే నాకు ఎరుక. గాయిన్ని తీసేస్తే నన్నుగూడ తీసేసినట్టే." అలా మూడొందల మంది ఆడవాళ్ల మధ్య ఒక మగవాడు మిగిలిపోయాడు.

మా గ్రూపులో న్యాయం మహా వేగం. బిడ్డకు దగ్గుకేం చెయ్యాలని అడిగితే సాయంత్రం దాకా పలికేవాళ్లుండరు గానీ, మొగుడి మీద ఫిర్యాదు వస్తే పొయ్యి మీద పాలు పొంగేలోపు తీర్పు వచ్చేస్తుంది. "వదిలెయ్ అక్కా." పేరు చెప్పుకోలేని వాళ్లు నాకు పంపితే, పేరు తీసేసి నేను పెడతాను. ఒక వారం అలాంటివి రెండు పెట్టాను. నిద్రలేక మొగుడి మీద అరిచానని ఒకామె బాధపడింది. ఎంత అలసిపోయావో తల్లీ అని అందరూ ఓదార్చారు. నిద్రలేక మొగుడు నా మీద అరిచాడని ఇంకొకామె రాసింది. వాడు మారడు, పుట్టింటికి పో అన్నారు. నేను అయోమయంలో పడ్డాను. ఇద్దరికీ నిద్ర లేదు కదా, మరి ఒకరికి జోల, ఇంకొకరికి జైలు ఏమిటి? మళ్లీ ఆలోచిస్తే, రాత్రంతా పిల్లను మోసేది ఆడదే కదా, ఆమెకు ఓదార్పు ఎక్కువ దొరికితే తప్పేముంది? అప్పుడు మా అన్వితకు పళ్లొస్తున్నాయి, మా ఆయన శ్రీచరణ్ గురక పెట్టి నిద్రపోతున్నాడు. నా ఆలోచన ఎటు తిరిగినా ఆ గురక దగ్గరికొచ్చి ఆగేది.

కాక మాత్రం రెండింటికీ "ఏ షిఫ్టు?" అని రాసి ఊరుకున్నాడు.

తన భర్త బిడ్డను ఎత్తుకోడని పెద్దపల్లి నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి భార్య రాసింది. కాక అడగనే అడిగాడు. బ్యాంకులో షిఫ్టులుండవని చెప్పాం. "మరి ఇంట్ల ఎప్పుడుండడు?" అని మళ్లీ అడిగాడు. ఇంకొకామె, పిల్లాడికి ఏం చేసినా తన అత్త తప్పు పడుతోందని ఏడిస్తే, కాక తడుముకోకుండా రాశాడు: "అత్త ఏ షిఫ్టు?" ఆ రోజు గ్రూపంతా నవ్వుల బొమ్మలే. నవ్వనివాళ్లు, ఈయన మగవాళ్ల వకీలు, ఏం చేసినా షిఫ్టు మీదికి తోస్తాడన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఇంతలో మా వెనక వీధి జమున నాకు రాసింది. ఆమె భర్త కిషన్ బాయిలో పని చేస్తాడు. ఇంటికొచ్చి నెలల కొడుకు వంక చూడడు, గదిలో గడియ పెట్టుకుంటాడు, పలకరిస్తే కసురుతాడు. పేరు తీసేసి పెట్టాను. పాలు పొంగకముందే తీర్పొచ్చింది. గడియ వేశాడంటే ఫోన్లో ఎవరో ఉన్నారని ఒకరు, రేపే పుట్టింటికి పొమ్మని అందరూ. కాక మామూలుగా అడిగాడు. బొగ్గు ఊళ్లో ఏ షిఫ్టని అడిగితే నోరు దానంతటదే జవాబు చెబుతుంది. జమున తన ఫోను నుంచే రాసేసింది, "నైట్ షిఫ్టు కాకా" అని. నేను జాగ్రత్తగా తీసేసిన పేరు అలా బయటపడింది.

మర్నాడు పొద్దున జమున మెసేజ్ పెట్టింది. బ్యాగు సర్దుకుంది, గోలేటిలో తల్లి దగ్గరికి పోతోంది, ఇక రాదట. మూడొందల మంది తీర్పు చెప్పారు సరే, దాన్ని గ్రూపులో పెట్టింది నేనే కదా. అన్వితను చంకనేసుకుని జమున ఇంటికి ఉరికాను.

వాకిట్లో పోశం కాక పచార్లు చేస్తున్నాడు. ఆయన భుజం మీద జమున కొడుకు నిద్రపోతున్నాడు. సారవ్వ గడప దగ్గర కూర్చుని పిల్లాడి గుడ్డలు మడతపెడుతోంది. సర్దిన బ్యాగు తలుపు పక్కనే ఉంది.

"జమున ఏది?" అన్నాను.

"పండుకుంది. కిషన్ గూడ పండుకుండు. జర మెల్లగ మాట్లాడు బిడ్డా."

"తప్పెవరిది కాకా?"

"నాకేం ఎరుక? ఇద్దరు ఒక నిద్ర తీసినంక అడుగుదాం."

మరి షిఫ్టు అడిగేది మగవాళ్లను వెనకేసుకురావడానికి కాదా అన్నాను. కాక నా వంక వింతగా చూశాడు.

"గట్లనుకుంటున్నరా? పిల్లతోని ఒక్కతే ఎప్పుడుంటదో తెల్వకపోతే మేం ఎప్పుడు పోవాలె?"

మిగతాది సారవ్వ చెప్పింది. షిఫ్టు తెలియగానే ఇద్దరూ బయల్దేరతారట. సారవ్వ పిల్లకు నీళ్లు పోస్తుంది, కాక ఎత్తుకుంటాడు, తల్లి పడుకుంటుంది. బ్యాంకాయన ఇంటికి పెద్దపల్లి బస్సెక్కి మరీ పోయారు. అత్త షిఫ్టు అడిగింది కూడా, ఆమె గుడికెళ్లే వేళ చూసుకుని పోదామనే. గ్రూపులో ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు కాక.

"నా పిల్లలను ఒక్కనాడు ఎత్తుకోలె ఈయన," అంది సారవ్వ. "డ్యూటీకి పోవుడు, వచ్చి పండుకొనుడు. గప్పుడు మీ గ్రూపుంటే నేను గూడ ఇడిసిపెట్టి పోయేదాన్ని."

కాక కాదనలేదు. పిల్లాడిని రెండో భుజానికి మార్చుకున్నాడు. సారవ్వ అప్పుడు పోయి ఉంటే మంచిదయ్యేదో కాదో నాకు తోచలేదు.

కిషన్ కళ్లు నలుపుకుంటూ బయటికొచ్చాడు. గడియ సంగతి కాకే అడిగాడు. ఏడుపుకు నిద్ర చెడితే బాయిలో తూలి పడతానని భయమట. ఆ మాట జమునకు ఎందుకు చెప్పలేదో అతనికే తెలియదు. కాక ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కొడుకును చేతుల్లో పెట్టాడు. "డ్యూటీకి పోయేదాక గిది నీ షిఫ్టు."

కిషన్ బిగుసుకుపోయి పట్టుకున్నాడు. జమున లేచి వచ్చి అది చూసింది. బ్యాగు తెరిచి పిల్లాడి టోపీ ఒక్కటి బయటికి తీసింది. మిగతా బట్టలు అలాగే ఉంచింది. ఇవాళ్టికి బస్సు ఎక్కదులే అని సారవ్వ నా చెవిలో చెప్పింది.

సాయంత్రం గ్రూపు నిండా ఒకటే ప్రశ్న, వదిలేసిందా లేదా అని. ఇద్దరూ పడుకున్నారని రాశాను. ఎవరికీ అర్థం కాలేదు. అంతలో సారవ్వ పేరుతో నాకు విడిగా మెసేజ్ వచ్చింది.

"బిడ్డా, ఏ షిఫ్టు?"

"శ్రీచరణ్‌ది జనరల్ షిఫ్టు కాకా. సాయంత్రానికి ఇంట్లోనే ఉంటడు."

"ఆయనది గాదు. నీది అడిగిన."

నన్ను ఆ మాట అడిగినవాళ్లే లేరు. నేను జవాబివ్వకముందే ఇంకోటి వచ్చింది.

"రేపు ఆయన డ్యూటీకి పోంగనే మేం వస్తున్నం. నువ్వు పండుకో. మీ ఆయన పంచాయితీ తర్వాత చూద్దాం."

నేను ఏ పంచాయితీ పెట్టలేదు. ఈయనకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. నాలో నేను నవ్వుకుంటూ లేచి అన్వితను శ్రీచరణ్ చేతుల్లో పెట్టాను. ఏందిది అన్నాడు.

"సెకండ్ షిఫ్టు," అన్నాను.