దేవునికి చెవుడా, సోమలింగం?

సోమలింగానికి లోకంలో ఒకే ఒక్క వ్యసనం ఉండేది: దేవునికి సమయమివ్వడం. అది సద్గుణమే కదా అని మీరనవచ్చు. కరోనా రోజుల్లో సాయంత్రం ఆరు గంటలకు అతడు ప్రార్థన అందుకొన్నప్పుడు, మనవాళ్లు మగ్గాల పనికి వలసపోయిన నవాగామ్‌లో మీరు లేరు కనుక అలా అంటున్నారు. ఆ కంఠం లేచిన మరుక్షణం పావురాలు లేచేవి, పసిపిల్లలు లేచేవారు, మూడు గల్లీల అవతలి కుక్కలు ఆమెన్ పలికేవి.

బాప్తిస్మమిచ్చిన నాడు పాస్టరుగారు పేరు మార్చుకొమ్మన్నారట. "పేరు మా నాయన పెట్టిండు, మనసు నేను మార్చుకున్న. రెండిటికి లడాయి ఏంది అయ్యగారూ?" అన్నాడట సోమలింగం. అయ్యగారు ఆ పేరుతోనే నీళ్లలో ముంచి లేపారట.

ఆ గొంతుకు కారణం లేకపోలేదు. పన్నెండు గంటల డ్యూటీ, ఒక్కడి మీద ఎనిమిది మరమగ్గాలు. వాటిని అతడు సాంచెలు అనేవాడు. దారం తెగితే అతకాలి, కండె ఖాళీ అయితే మార్చాలి. ఎనిమిది సాంచెలు ఒక్కసారి ఆడే షెడ్డులో మనిషి మాట అతనికే వినబడదు. తలుపు వేసికొని రహస్యంగా ప్రార్థించుమన్నారు ప్రభువు. తలుపే లేని ఆ షెడ్డులో మోతనే తలుపుగా వేసికొన్నాడు సోమలింగం. ఆరు కొట్టగానే చేతులు దారం మీద, కన్నులు కండె మీద, నోరు పరలోకం మీద.

ఒకనాడు షెడ్డు యజమాని సేఠ్ చెవి దగ్గరికి వచ్చి "క్యా చిల్లా రహా హై?" అని, ఎందుకు అరుస్తున్నావని గద్దించాడట.

"బడే సేఠ్ సే బాత్ కర్ రహా హూఁ. దో మినట్," అన్నాడట సోమలింగం. పెద్ద సేఠ్‌తో మాట్లాడుతున్నాను, రెండు నిమిషాలు ఆగమని.

ఏ బడే సేఠో తెలియక, చిన్న సేఠ్ పక్కకు తప్పుకొని వినయంగా నిలబడ్డాడట.

నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి పొంది, అతని ఎదురింటి మేడ మీద ఒంటరిగా ఉంటూ, ఒక శతకం వ్రాసుకొంటున్న రోజులవి. కనబడినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"సారూ, ఇయ్యాల దేవునికి టైమిచ్చిండ్రా?"

"డెబ్బై మూడవ పద్యంలో యతి కుదరడం లేదు సోమలింగం. తీరిక ఎక్కడిది?"

"పద్యం దేని మీద సారూ?"

"ప్రార్థన మీద."

అతడు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఇంతలో కరోనా వచ్చింది. ఊరంతా తాళం పడింది, సాంచెలు ఆగిపోయాయి. సోమలింగం గొంతు మాత్రం ఆగలేదు, తగ్గనూ లేదు. మోత అనే తలుపు ఊడిపోవడంతో, ఆ ప్రార్థన మొదటిసారిగా గల్లీ చెవిన పడింది.

"ప్రభువా! నాకు పాలపొడి డబ్బా కావాలె! చిన్నపిల్లలు తాగేది! ఆర్నెల్ల లోపుది!"

సోమలింగానికి యాభై రెండేళ్లు. ఇంట్లో అతడూ, భార్య బుచ్చవ్వా తప్ప మూడవ ప్రాణి లేదు. మరునాడు షుగరు గోలీలు అడిగాడు. అతడు చాయలో నాలుగు చెంచాల చక్కెర వేసికొనే మనిషి. ఆ మరునాడు పేల మందు అడిగాడు. అతని తల మీద ఈగ వాలితే జారిపడేది.

గల్లీకి పండుగ అయింది. "సోమన్నా, ఎన్నో నెల?" అని కిటికీలోంచి అరిచాడు పక్కింటి నరహరి.

"నీకెందుకు తమ్మీ లెక్క! డబ్బా ఉంటె మెట్ల మీద పెట్టు."

నవ్వుతూనే ఎవరో ఒకరు పెట్టేవారు. పెట్టిన అరగంటకే అది మాయమయ్యేది. వేదాంతమంతా చదివిన నాకు ఆ పాలపొడి ఎవరు తాగుతున్నారో అంతుపట్టలేదు. బుచ్చవ్వనే అనుమానించానని ఒప్పుకొంటాను.

నవ్వనివాడు పరమేశ్వర్ ఒక్కడే. సోమలింగం ఉండే ఇల్లు అతనిదే, కింద కిరాణా దుకాణమూ అతనిదే. గురువారం నాడు నన్ను దుకాణానికి పిలిచాడు.

"సారూ, నా బిల్డింగుల అడుక్కునేటోడున్నడని గల్లీ మొత్తం అంటున్నది. ఐతారం దాక చూస్త. ఆనాడు ఆరింటికి మల్ల ఒర్రి లొల్లి జేసిండనుకో, రూం ఖాళీ చెయ్యాలె. మీరు పెద్దమనుషులు, జర చెప్పుండ్రి."

రైళ్లు లేవు, బస్సులు లేవు. ఖాళీ చేసి ఆ దంపతులు ఎక్కడికి పోగలరు?

శనివారం ఐదున్నరకు వెళ్లాను. తలుపు ఓరగా తెరచి ఉంది. అడ్డంగా కట్టిన చీర వెనుక సోమలింగం మోకరించి ఉన్నాడు. పెదవి కదలడం లేదు. ఊపిరి కూడా అనుమతి అడిగి వస్తున్నట్లుంది. బుచ్చవ్వ నన్ను సైగతో ఆపింది.

"మాట్లాడుతుండు సారూ."

"ఎవరితో?"

"ఇంకెవలితోని?"

"మరి ఆరింటికి చేసేది?"

"గా లొల్లి వేరే."

అతడు లేచి వచ్చేదాకా ఓపిక పట్టి అడిగాను. "ఇంత మెల్లగా చెప్పినా వినే దేవునికి, ఆరింటికి ఆ అరుపెందుకయ్యా? దేవునికి చెవుడా, సోమలింగం?"

"దేవునికెందుకుంటది సారూ? చెవుడు గల్లీకున్నది."

అప్పుడు చెప్పాడు. వెనుక వరుసలో భాగ్యలక్ష్మి పచ్చి బాలింత. పాలు పడలేదు. మగడు ఊరికి పోయి అక్కడే చిక్కుకొన్నాడు. షుగరు గోలీలు బ్రహ్మచారి అనే ముసలాయనకు. పేల మందు ఎవరికో చెప్పలేదు.

"అడుగుమంటే అడుగరు సారూ. ఇజ్జత్ అడ్డమొస్తది. నాకేమున్నది? నన్ను జూసి నవ్వుతరు. నవ్వినోళ్లే ఇస్తరు."

"కాని దేవుని పేర అబద్ధమాడటం..."

"ముందుగాలనే మెల్లగ చెప్పుకుంట సారూ. ప్రభువా, ఆరింటి లొల్లి నీకు గాదు, జర చెవులు మూసుకో అని."

ఏ భాష్యకారుడూ ప్రార్థనకు ఇటువంటి వ్యాఖ్యానం వ్రాయలేదు. "ఈ సంగతి పరమేశ్వర్‌కు చెబుతాను," అన్నాను.

"వద్దు సారూ! దుకాణంల పడ్డ ముచ్చట గల్లీల పడ్డట్టే. ఎరుకైతే ఆ పిల్ల బిడ్డకు నీళ్లన్న తాపుతది గని డబ్బా ముట్టది. చెప్పనని మాటియ్యుండ్రి."

ఇచ్చాను. "మరి మీ గది? రేపు ఆరింటికి అరిస్తే పరమేశ్వర్ ఖాళీ చేయిస్తానంటున్నాడు."

"రేపటితోని డబ్బా అయిపోతది," అంది బుచ్చవ్వ.

ఆదివారం ఆరయింది. గల్లీ కిటికీలన్నీ అలవాటుగా తెరచుకొన్నాయి. ఏ చప్పుడూ లేదు. ఆరూ ఐదయింది. దుకాణం ముందు పరమేశ్వర్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎదుటి కిటికీలో సోమలింగం నోరు తెరచాడు, వెనుక ఉన్న బుచ్చవ్వను చూశాడు, మూశాడు. అరిస్తే నీడ పోతుంది. అరవకుంటే పాలు పోతాయి.

నన్ను లేపినదెవరో నాకు తెలియదు. కిటికీ ఊచలు పట్టుకొని ఎలుగెత్తాను.

"ప్రభువా! దీనుడనగు నాకు క్షీరచూర్ణ మనుగ్రహింపుము!"

"ఏంది సారూ అది?" అన్నాడు నరహరి.

"పాలపొడి!" అని అరిచాను. "చిన్నపిల్లలు తాగేది! ఆర్నెల్ల లోపుది!"

నాకు అరవై ఎనిమిదేళ్లు. గల్లీ గొల్లుమంది. పరమేశ్వర్ మాత్రం నన్ను చూశాడు, పైన సోమలింగం కిటికీని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. కట్టుకొన్న చేతులు మెల్లగా విడిపోయాయి. దుకాణంలోకి వెళ్లి ఒక డబ్బా తెచ్చి, నా కిటికీ కిందికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"ఏ రూముకు సారూ?"

"మాటిచ్చాను పరమేశ్వర్."

అతడు డబ్బాను సోమలింగం మెట్ల మీద పెట్టి, తల పైకెత్తి కేక వేశాడు.

"ఓ సోమలింగం! ఆరు దాటి పది నిమిషాలాయె! దేవుడు గిట్ల ఖాళీగ కూసుండాల్నా?"

పై కిటికీ దద్దరిల్లింది. "ప్రభువా! లేటయింది, మాఫ్ చెయ్యి! నాకు ఉబ్బసం గోలీలు కావాలె!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేనడిగిన డబ్బా అతని మెట్ల మీదికి చేరడం చూసి, అడిగేవాళ్లు తమకోసం అడగడం లేదని అందరికీ తెలిసిపోయింది. గల్లీ అంతా ఊపిరి బిగబట్టి, ఉబ్బసపు పిల్లికూతలు ఏ తలుపు వెనుక నుండి వస్తున్నాయా అని చెవులొగ్గింది.