'మాదిరి' పెట్టమన్నాను

మా చిన్నప్పుడు... కర్ణాటకలో మండికల్ దగ్గర మా ఇంట్లో సాయంత్రమైతే పట్టుపురుగులకు ఆకు తరిగే పని నాది. పక్కన చాప మీద బోర్లా పడుకుని చెల్లెలు శాంత బడి లెక్కలు, పాఠాలు రాసుకునేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం... నాతో తెలుగులో చెప్పించుకుని కన్నడంలో రాసేది.

అయిదో తరగతిలో ఒకరోజు అలంకారాలు చెప్పమంది. ఉపమకొకటి, రూపకానికొకటి సొంతంగా రాసుకుని రమ్మన్నారట మేష్టరు.

ఇది దాని మాదిరి ఉంది అంటే ఉపమ, 'మాదిరి' లేకుండా ఇదే అది అనేస్తే రూపకం అని చెప్పాను. పురుగులు ఆకు తినే చప్పుడు వాన మాదిరి ఉందని ఉపమ వెంటనే రాసేసింది.

రూపకానికి కాసేపు పెన్సిలు కొరికి... రాసి చూపించింది.

"మా అక్క మా అమ్మ."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది.

అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. శాంతకు ఏడాది నిండలేదు. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు... నాయన ఆమె మాటెత్తేవాడు కాదు.

"'మాదిరి' పెట్టు" అన్నాను.

"పెడితే ఉపమ అయిపోతాది. నీకు రాకుంటే రాదని చెప్పక్కా, మేష్టర్ని అడుగుతా."

"అమ్మ వేరే, నేను వేరే. పెట్టమ్మా."

"మాదిరి అనాలంటే ఇద్దర్నీ చూసుండాల గదా... అమ్మను నేను యాడ చూసినా? నిన్నే చూస్తాండా."

కత్తిపీట పక్కకు జరిపాను.

అమ్మ గురించి చెప్పాను. ఎర్రరాయి ముక్కుపుడక, చెవి పక్కన పుట్టుమచ్చ, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం... పక్కూరి మనిషి సంగతి విన్నట్టు విని, లెక్కల పుస్తకం తీసుకుంది.

వాక్యం మార్చలేదు. మేష్టరు బాగుందని రాసిచ్చారు. అది చూసినవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. ఆ ఇంట్లో అమ్మ ఇంకోసారి పోయిందని... నాకొక్కదానికే అనిపించింది. దీపం పెట్టి, అమ్మ ముఖం నా నుంచి పోనివ్వకు స్వామీ అని మొక్కుకున్నాను.

ఇప్పుడు నాయన లేడు. ఇంట్లో అమ్మను ఎరిగినవాళ్ళలో మిగిలింది నేనే. ఈమధ్య కళ్ళు మూసుకుంటే ముక్కుపుడక కనిపిస్తుంది... ముఖం సరిగా రావడం లేదు.

ఈ రోజుల్లో పిల్లలు పుట్టిన గంటకే ఫోన్ నిండా ఫోటోలు. మంచిదే... మీ ఇంట్లోనూ ఫోటో లేకుండా పోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎలా ఉండేవారో ఇక్కడ రెండు మాటలు రాయండి. మీకు గుర్తున్నప్పుడే...